నంబరు వేసిన చీటీలు

మధ్యాహ్నం బడి రెండో గంట కొట్టారు. హెడ్మాస్టరమ్మ గదిలో అక్కాచెల్లెళ్ళు ఇద్దరే ఉన్నారు. బల్లకి అటుపక్క బడిని ఏలే అక్క, ఇటుపక్క ఆస్పత్రి డ్యూటీ సగంలో వదిలేసి పరుగున వచ్చిన నర్సు చెల్లెలు. బయట వరండాలో బెంచీ మీద ఒక దర్జీ కూర్చుని ఉన్నాడు. చెల్లెలికి ఒళ్ళు మండిపోతోంది, తలుపు కూడా అందుకు తగ్గట్టే వేసింది.

"తలుపేం చేసిందే నిన్ను?"

"ఆయనెందుకు కూర్చున్నాడక్కా బయట?"

"ముందు నువ్వు కూర్చో. నీళ్ళు తాగు."

"నీళ్ళొద్దు. ఆయనెందుకొచ్చాడు?"

"టీసీ కోసం. కూతుర్ని బడి మాన్పిస్తున్నాడు. వాళ్ళ పిల్ల, వాళ్ళిష్టం."

"వాళ్ళిష్టమా? శుక్రవారం నువ్వు ఫోన్ చేసి పిలిపించకపోతే ఈపాటికి షాపులో కాజాలు కుట్టుకుంటూ ఉండేవాడు."

"పెద్దవాళ్ళకి చెప్పడం నా పని."

"ఏమని చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను."

"అదే, ఏమని?"

"గురువారం మా చెల్లెలి ఆరోగ్యం క్లాసులో మీ అమ్మాయి గర్భం రాకుండా వేసుకునే మాత్రల గురించి అడిగింది, కాస్త కనిపెట్టి ఉండండి అన్నాను. అంతే. అందులో ఒక్క ముక్క అబద్ధముందా?"

"క్లాసులో ఎవరూ ఏమీ అడగలేదు. చీటీలు రాసి పెట్టెలో వేశారు. పేర్లు లేని చీటీలు. వాటిలో అది దర్జీ కూతురిదని నీకెలా తెలిసింది?"

"చిట్టీ, నాకివాళ చచ్చేంత పనుంది."

"ఎలా తెలిసిందక్కా?"

"తెలిసింది."

"కల్లోకొచ్చి చెప్పారా?"

"వెటకారాలు ఇంటి దగ్గర. ఇది ఆఫీసు."

"సరే, నేనే చెప్తాను. పొద్దున ఆ పిల్ల ఆస్పత్రికొచ్చింది. ఇంజెక్షన్ గది ముందు లైన్లో అరగంట నిలబడింది. నేను ఏ ఇంజెక్షనమ్మా అంటే, 'ఇంజెక్షన్ కాదు మేడమ్, పెట్టె తాళం మీ దగ్గరే ఉంటుందన్నారు కదా' అంది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. చేతిలో సిరంజి పట్టుకుని నేనే వెర్రిదానిలా నిలబడిపోయాను. 'చీటీల వెనక మూల చిన్నగా నంబరుంది, మీకు తెలుసా మేడమ్' అంది. నాకు తెలీదక్కా. కాగితాలు నువ్వు కోయించి పంపావు. నేను వెనక్కి తిప్పి కూడా చూడలేదు."

"నంబరు లేకుండా ఈ ఆఫీసు నుంచి ఒక్క కాగితం బయటికి పోదు. ఇరవై ఆరేళ్ళ అలవాటు."

"హాజరు వరసలో పంచడం కూడా అలవాటేనా? ఒకటో నంబరు చీటీ ఒకటో నంబరు పిల్లకి, రెండోది రెండో పిల్లకి?"

"క్లాస్ లీడర్ పంచింది. అదెలా పంచిందో నాకేం తెలుసు?"

"నువ్వెలా చెబితే అలా పంచింది."

"అవునే, నేనే చెప్పాను. ఎవరైనా చచ్చిపోవాలనుందని రాస్తే? ఇంట్లో ఎవడో చెయ్యేస్తున్నాడని రాస్తే? పేరు లేదు కాబట్టి నాకు సంబంధం లేదని చేతులు దులుపుకుంటావా నువ్వు?"

"అలాంటివి దాచనని మొదటి రోజే వాళ్ళకి చెప్పాను. ప్రాణం మీదికొచ్చే మాటైతే పెద్దవాళ్ళకి చెప్పక తప్పదు, కానీ ముందు మీకే చెప్పి, మిమ్మల్ని పక్కన పెట్టుకునే చెప్తానన్నాను. ఇందులో ప్రాణం మీదికొచ్చిందేముంది? మాత్ర ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవచ్చా అని. ఇంతేగా. వార్డులో రోజుకి పదిమంది అడుగుతారు."

"వాళ్ళు పెళ్ళైనవాళ్ళు."

"నెలసరి సరిగ్గా రానివాళ్ళకీ డాక్టర్లు అవే రాస్తారు. నొప్పితో మెలికలు తిరిగిపోయేవాళ్ళకీ అవే. క్లాసులో కూడా చెప్పాను, నువ్వు వెనక నిలబడి విన్నావు."

"విన్నాను. నువ్వు చెక్కబొమ్మ తీసి బల్ల మీద పెట్టి, కండోమ్ ఎలా తొడగాలో చూపించినప్పుడు కూడా అక్కడే ఉన్నాను. గుమ్మం దగ్గర మా ప్యూను గోడ పట్టుకుని కూలబడ్డాడు."

"అతనికి ఆరుగురు పిల్లలు. అసలు అతన్నే ముందు బెంచీలో కూర్చోబెట్టాల్సింది."

"నీకన్నీ నవ్వులాటగానే ఉంటాయి."

"ఆ రోజు నవ్వులాటే. పిల్లలు ఎంత నవ్వారో. ముద్దు పెట్టుకుంటే కడుపొస్తుందా అని ఒకత్తి రాస్తే, వచ్చేట్టయితే నాకు ఈపాటికి ఒక క్రికెట్ టీముండేదన్నాను. నవ్వి నవ్వి, నవ్వుల్లోనే భయం పోయి, తల వంచుకున్నవాళ్ళు కూడా తలెత్తి విన్నారు. చీటీలు రాయించే ముందు ఆ నలభై మొహాల్లోకే చూస్తూ చెప్పాను, ఈ గదిలో మాట ఈ గది దాటదు, తాళం నా దగ్గరే ఉంటుంది, చదివిన చీటీలు నా చేత్తోనే చింపేస్తాను అని. నమ్మారక్కా. మొట్టమొదటిసారి పెద్దవాళ్ళ మాట నమ్మారు."

"రెండో తాళంచెవి నువ్వే ఇచ్చావు నాకు."

"నాది పోతే ఇబ్బందని ఉంచమన్నాను. తియ్యమనలేదు."

"తియ్యకుండా బీరువాలో అందానికి పెట్టుకోవాలా?"

"బుధవారం సాయంత్రం చీటీల్లో ప్రశ్నలన్నీ టైపు చేసి నాకు పంపావు. పిల్లల కోడిగీతలు చూసుకుంటూ క్లాసులో తడబడతావు, చదువుకోవడానికి సుళువుగా ఉంటుందని చేశానే అన్నావు. నేనెంత మురిసిపోయానో నీకు తెలీదు. మా అక్క నా క్లాసు కోసం రెండు గంటలు కూర్చుని టైపు కొట్టిందని వార్డులో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను."

"ఇప్పుడెందుకవన్నీ?"

"పెట్టె ఎవరు తీశారని అప్పుడే అడగాల్సింది. ఆ మురిపెంలో పడి అడగలేదు. అది నా తప్పే, ఆ పిల్లల ముందు నేనూ దోషినే. కానీ నువ్వు నా వెనక నా మాటే అమ్మేస్తావని ఎలా అనుకుంటానక్కా? పరాయి హెడ్మాస్టరైతే జాగ్రత్తపడేదాన్ని."

"అమ్మడాలూ కొనడాలూ ఏం లేవు. గురువారం నువ్వు ఆ ప్రశ్న పైకి చదివావు. గంట తిరక్కుండా స్టాఫ్‌రూమంతా అదే. సాయంత్రానికి కమిటీ పెద్దాయన ఫోన్. నంబర్లున్నాయట కదా, ఎవరో కనుక్కోండి, మీకు చేతకాకపోతే చీటీలు నాకు పంపండి, నేనే కనుక్కుంటానన్నాడు. ఏం చెయ్యమంటావు? ఇరవై మూడో నంబరన్నాను. హాజరు పట్టీలో ఇరవై మూడు దర్జీ కూతురు. అయిపోయింది."

"అయిపోలేదు. ఆ పిల్ల రాయలేదు ఆ చీటీ."

"ఎవరన్నారు?"

"ఆ పిల్లే చెప్పింది. నంబర్లు వాళ్ళూ చూశారు. నా మాట నమ్మాలో, నీ నంబరు చూసి భయపడాలో తెలీక, చీటీలు మార్చుకున్నారు. ఒకళ్ళ కాగితం మీద ఒకళ్ళు రాశారు. నీకంటే, నాకంటే తెలివైనవాళ్ళు."

"ఎవరితో మార్చుకుందట?"

"చెప్పలేదు."

"నువ్వు అడిగావా?"

"నోరు జారి అడిగాను. 'చెబితే నాకూ పెద్ద మేడమ్‌కీ తేడా ఏముంటుంది' అంది. పదహారేళ్ళ పిల్ల. సిగ్గుతో నా తల నేలకి దిగిపోయింది."

"ఎవరి పేరూ అనలేదా? ఏ బెంచీ అనైనా?"

"లేదన్నానుగా. ఎందుకంత?"

"ఊరికే. తప్పించుకోవడానికి ఏదో ఒకటి చెప్తారు ఈ వయసులో."

"తప్పించుకోవాలంటే పేరు చెప్పేస్తే సరిపోయేదిగా? దానికి పాపం ఇదంతా... అవునూ, మన పిచ్చుకేం చేస్తోంది? రెండు రోజుల్నుంచి నా ఫోనెత్తట్లేదు. స్నేహితురాలికిలా అయిందని కుమిలిపోతోందేమో."

"దాన్నిందులోకి లాగకు."

"లాగడమేముంది? నీ కూతురూ ఆ క్లాసే కదా. దాన్నడిగినా చెప్పేది, చీటీలు మార్చుకున్నారో లేదో."

"దాన్ని లాగొద్దన్నానా? ఎవరది తలుపు దగ్గర? ఆ, మీరా. రండి."

"మన్నించండి మేడమ్‌గారూ. మిషను మీద బట్ట వదిలేసి వచ్చానండి. మీ బడి యూనిఫారాలేనండి, రేపటికివ్వాలి. ఆ కాగితం ఇచ్చేస్తే వెళ్ళిపోతాను."

"ఇస్తాను. అయిపోతోంది."

"మీరు నర్సమ్మగారు కదండీ? మా అమ్మాయి మీ గురించి చెప్పేదండి. గురువారాలు మీ క్లాసుందంటే ఆ రోజు జడ కూడా తనే తొందరగా వేసుకునేది."

"ఏమండీ, మీ అమ్మాయి ఏమంటోంది దీని గురించి?"

"నాది కాదంటుందండి. మరెవరిదే అంటే నోరు విప్పదు. వాళ్ళమ్మ పోయినప్పుడు దానికి ఏడేళ్ళండి. తల దువ్వింది నేనే. మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు కొత్త కాటను గుడ్డ కత్తిరించి, మెత్తగా నాలుగు పొరలేసి కుట్టిచ్చింది కూడా నేనేనండి. సిగ్గుపడకే, నేను కొలతలు తీసుకునేవాణ్ణి, నాకు ఒళ్ళంటే సిగ్గు లేదు అని చెప్పాను. అన్నీ నాతో చెప్పుకుంటుందనుకున్నాను. మేడమ్‌గారు ఫోన్ చేసేదాకా నాకేమీ తెలీదంటే, మరి నేనెవర్నండి దానికి?"

"చెయ్యి చేసుకున్నారా?"

"లేదండి. మాట మానేశాను. మూడు రోజులైంది. అన్నం పెడుతుంది, తింటున్నాను. మా చెల్లెలింటికి పంపించేస్తున్నాను, అక్కడ మిషను నేర్చుకుంటుంది."

"రెండు నెలల్లో పరీక్షలండీ. క్లాసులో లెక్కల్లో దానిదే మొదటి స్థానం."

"తెలుసండి. షాపులో నా కొలతలన్నీ నోటితోనే కూడేది. కానీ నర్సమ్మగారూ, మేడమ్‌గారంతటివారు చెప్పాక ఇంకేముందండి? ఇదే మరొకరు చెప్పుంటే నా కూతురు మాటే నమ్మేవాణ్ణి. ఆవిడ అబద్ధం చెప్పరు కదండీ."

"రెండు నిమిషాలు బయట కూర్చోండి. నేను పిలుస్తాను."

"అలాగేనండి. తలుపు వేసెయ్యమంటారా?"

"వెయ్యండి."

"విన్నావా అక్కా?"

"విన్నాను."

"ఆయన్ని వెనక్కి పిలువు. పొరపాటు జరిగింది, అది మీ అమ్మాయి చీటీ కాదు అని చెప్పు. ఒక్క వాక్యం. ఆ పిల్ల పుస్తకాల సంచి తగిలించుకుని రేపు బడికొస్తుంది."

"మరెవరిదంటాడు."

"తెలీదను."

"కమిటీ పెద్దాయన ఊరుకుంటాడా? చీటీలు తెమ్మంటాడు. ప్రతి తండ్రీ వచ్చి మా పిల్లదా, మా పిల్లదా అని ఈ బల్ల ముందు నిలబడతాడు. నేను బడి నడపాలా వద్దా?"

"చీటీ ఏదీ? ఇటివ్వు. ఆ పిల్ల లెక్కల నోట్సు నా సంచీలో ఉంది, తనే ఇచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి ఆయనకి చూపిద్దాం. కుట్టు చూసి ఏ దర్జీదో చెప్పే మనిషి, కూతురి చేతిరాత గుర్తుపట్టలేడా?"

"చీటీ లేదు."

"లేదంటే?"

"చింపేశాను."

"మిగతావి?"

"ఉన్నాయి."

"ఎక్కడ?"

"బీరువాలో."

"ముప్పై తొమ్మిది చీటీలూ కట్టకట్టి బీరువాలో ఉన్నాయి. నువ్వు సాక్ష్యమంటున్న ఆ ఒక్కటీ చింపేశావు. నంబరు లేనిదే కాగితం కదలనివ్వని దానివి."

"చిట్టీ, వదిలెయ్యి."

"టైపు నువ్వే చేశావు కదూ? గుమాస్తాకివ్వలేదు."

"అలాంటి రాతలు గుమాస్తాకెలా ఇస్తాను?"

"అంటే నలభై చీటీలూ ఒక్కొక్కటే నీ చేత్తో తీసి చూశావు. పేరు కప్పేసిన పేపరైనా ఎవరిదో ఇట్టే చెప్పేస్తావని మీ స్టాఫ్‌రూమంతా అంటుంది. అది దర్జీ కూతురి రాత కాదని నీకు బుధవారమే తెలుసు."

"ఫ్యాను కాస్త తగ్గించవే, కాగితాలెగిరిపోతున్నాయి."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ ఆయనకి ఫోన్ చేశావు."

"చేశాను."

"ఎవరి రాతక్కా అది?"

"తప్పు రాస్తే ఒక గీత కొట్టి వదిలెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా వినదు. రెండు గీతలు కొడుతుంది, వాటి మీద మళ్ళీ ఇంకొకటి. 'ఎవరినీ అడగలేను' అని రాసి, దాని మీద మూడు గీతలు కొట్టింది. కొట్టినా చదవడానికొచ్చింది నాకు."

"పిచ్చుకా?"

"అమ్మ హెడ్మాస్టరు, పిన్ని నర్సు. మనమిద్దరం బతికుండగా అది వెళ్ళి తాళం వేసిన పెట్టెలో అడిగిందే. ఆ పెట్టె మీదున్న నమ్మకం మన మీద లేదు."

"దాంతో మాట్లాడావా?"

"లేదు."

"ఐదు రోజులైంది."

"ఏమని మొదలుపెట్టాలో తెలీలేదు. రోజూ దాని గది ముందు దాకా వెళ్ళి, హోంవర్కయిందా అని అడిగి వచ్చేస్తున్నాను."

"దర్జీతో మాట్లాడటం మాత్రం వచ్చింది."

"ఆయన నా కూతురు కాదు కదే."

"దాని చీటీ అని తెలిశాక, ఆ ప్రశ్న టైపు చెయ్యకుండా తీసెయ్యొచ్చు కదా? నేను చదివేదాన్నే కాదు. ఇంత దూరం వచ్చేదే కాదు."

"తీసేస్తే దానికి జవాబెవరు చెప్తారు? నాకు తెలీదు జవాబు. నిన్నడిగితే ఎవరికని అడుగుతావు. అందుకే టైపు చేశాను. అందుకే ఆ రోజొచ్చి వెనక నిలబడ్డాను. నువ్వు చెబుతుంటే దాని మొహమే చూస్తూ నిలబడ్డాను. గుర్తొచ్చిన వెంటనే మర్చిపోయింది వేసుకోవాలి, ఆ రోజుది మామూలు టైముకే వేసుకోవాలి, రెండు రోజులు తప్పితే మాత్రం నా దగ్గరికి రండి అన్నావు. బుద్ధిగా తలూపింది."

"అక్కా, నేను దాంతో మాట్లాడతాను. తిట్టను, గుచ్చి గుచ్చి అడగను. కానీ ముందు ఆయన్ని పిలువు. పిచ్చుక పేరు ఎత్తక్కర్లేదు. నేనూ ఎత్తను, ఆ పిల్లలకి మాటిచ్చాను. మీ అమ్మాయిది కాదు అను చాలు."

"నువ్వే చెప్పుకో, బయటే ఉన్నాడు."

"నా మాట నమ్మడు. నీ మాట నమ్మాడు, ఇందాక విన్నావుగా. కూతుర్ని కాదని నిన్ను నమ్మాడు."

"కాదని చెబితే చీటీలన్నీ బయటికొస్తాయి. ఒకటి తక్కువ ఎందుకుందంటారు. ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారంటారు. ఎంతసేపు పడుతుంది దాని దాకా రావడానికి?"

"అందుకని వేరేవాళ్ళ పిల్లని మిషను ముందు కూర్చోబెడతావా జీవితమంతా?"

"టీసీ మీద సంతకం పొద్దునే పెట్టేశాను. నువ్వు తలుపు తీస్తే ఆయన చేతికిచ్చేస్తాను."

"ఒక్కటి చెప్పు, వెళ్ళిపోతాను. చేతిరాత చూడగానే పిచ్చుకదని తెలిసిపోయింది. మరి చీటీ వెనక్కి తిప్పి నంబరెందుకు చూశావు?"

"దాని నంబరు ముప్పై ఒకటి. అదే ఉంటుందనుకున్నాను."

"తిప్పితే ఇరవై మూడుంది."

"ఉంది."

"అది ఎవరి నంబరో నీకు పట్టీ చూడక్కర్లేకుండానే తెలుసు. తల్లి లేని పిల్ల, దర్జీ కూతురు."

"తెలుసు."

"అప్పుడేమనిపించిందక్కా?"

"ఏమనిపిస్తే ఏముందిలే ఇప్పుడు."

"చెప్పు. నాకు తెలియాలి. ఏమనిపించింది?"

"హమ్మయ్య అనిపించింది."